టీఐఏ స్కోరు యాప్: ఎమర్జెన్సీ డ్యూటీలో వాడి చూశాక

కాసేపు మాట తడబడో, చెయ్యి చచ్చుబడో మళ్లీ మామూలైపోయిన రోగి "ఇప్పుడు బాగానే ఉంది, ఇంటికి వెళ్లిపోతాను" అంటాడు. అలాంటి టీఐఏ (మెదడుకు రక్తం కాసేపు అందక, మళ్లీ అందడం) తర్వాత పక్షవాతం వచ్చే ముప్పు ఎంతో లెక్కగట్టే యాప్ ఇది. ఇందులో రెండు స్కోర్లున్నాయి: 2007లో వచ్చిన ఏబీసీడీ2, దాని తర్వాత తయారైన కెనడియన్ టీఐఏ స్కోరు.

మంచి ముందు చెబుతాను. ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది, లాగిన్ అడగదు, చేతికి గ్లవ్స్ ఉన్నా నొక్కగలిగేంత పెద్ద గడులు. ఏబీసీడీ2కు నిజానికి యాప్ అక్కర్లేదు. వయసు, బీపీ, లక్షణం, అది ఉన్న సమయం, మధుమేహం: మొత్తం 7 పాయింట్లు, నోటిలెక్క. కెనడియన్ స్కోరు అలా కాదు. 13 అంశాలు, ఒక్కోదానికి ఒక్కో విలువ, ఒకదానికైతే మైనస్. తెల్లవారుజామున అవన్నీ ఎవరికి గుర్తుంటాయి!

రెండూ ఒకే తెరపై ఉండటం దీనిలో నాకు బాగా నచ్చిన సంగతి. 55 ఏళ్ల మనిషి, బీపీ 130/80, మధుమేహం లేదు, ఐదు నిమిషాలు మాట రాలేదు, ఇదే మొదటిసారి అనుకోండి. ఏబీసీడీ2 ఒకే ఒక్క పాయింటు ఇస్తుంది. అదే మనిషి ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) కనిపిస్తే కెనడియన్ స్కోరు 5, అంటే మధ్యస్థ ముప్పు. గుండె లయ గురించి, మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడలోని కెరోటిడ్ నాళం గురించి ఏబీసీడీ2 అసలు అడగదు మరి. ఇలాంటి స్కోర్లను బట్టి రోగిని ఎంత త్వరగా చూడాలో నిర్ణయించవద్దని వైద్య మార్గదర్శకాలు రూపొందించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2019లోనే చెప్పింది. యాప్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. అలాగని ఏబీసీడీ2ను తీసేయమనను. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ కూడా ఇచ్చి చూసిన పెద్ద క్లినికల్ ట్రయల్స్‌లో టీఐఏ రోగులను 4, ఆపైన స్కోరు ఉంటేనే చేర్చుకున్నారు.

ఇక చిరాకులు. కెనడియన్ స్కోరులోని గ్లూకోజ్ గడి మిల్లీమోల్స్‌లో (లీటరుకు) ఉంది. 15, ఆపైన ఉంటే 3 పాయింట్లు. మన గ్లూకోమీటర్ మిల్లీగ్రాముల్లో (డెసిలీటరుకు) 180 చూపిస్తే, ఆ 180నే కొట్టినా యాప్ కిక్కురుమనకుండా తీసుకుని మూడు కలిపేస్తుంది. అసలు హద్దు 270 మిల్లీగ్రాములు. 6 ఉన్నవాడు 9కి ఎక్కి, మధ్యస్థం నుంచి అధిక ముప్పులో పడతాడు. 180 మిల్లీమోల్స్ ఏ మనిషికీ ఉండదని చెప్పడానికి ఒక్క హెచ్చరిక చాలు కదా!

తల తిరుగుడు గడి ఇంకా ప్రమాదం. అది నొక్కితే మూడు తగ్గుతాయి. స్కోరు తయారైంది వైద్యులు టీఐఏ అని నిర్ధారించుకున్న రోగుల మీద. తల తిరుగుతోందని వచ్చిన ప్రతి ఒక్కరికీ వేసేది కాదు. తల తిరుగుడుతో పాటు ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం ఉంటే మెదడు వెనుక భాగపు రక్తప్రసరణను అనుమానించాలి. అక్కడ మైనస్ మూడు చూసి తెర పచ్చగా, అంటే తక్కువ ముప్పుగా, మారగానే సంతోషించే జూనియర్లను తలచుకుంటేనే నాకు భయం.

పచ్చ తెర పూర్తిగా అబద్ధమూ కాదు. కెనడియన్ స్కోరును పరీక్షించి 2021లో ప్రచురించిన కెనడా పరిశీలనలో 7,607 మందిని చూశారు. ఏడు రోజుల్లో పక్షవాతం రావడం లేదా కెరోటిడ్ శస్త్రచికిత్స, స్టెంట్ అవసరమవడం తక్కువ ముప్పు వర్గంలో 0.5 శాతానికి మించలేదు. మధ్యస్థంలో 2.3, అధికంలో 5.9. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ మధ్యస్థంలోనే తేలతారు. వాళ్ల విషయంలో నిర్ణయం మళ్లీ నాదే. మెడ నాళాల స్కాన్ ఈ రాత్రే తీయాలా, రేపు ఉదయం చాలా అన్నది యాప్ తేల్చదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఫలితాన్ని కాపీ చేస్తే "స్కోరు 5" అని మాత్రమే వస్తుంది, ఏ గడులు నొక్కామో రాదు. ఉదయం డ్యూటీకి వచ్చిన డాక్టరుకు కేస్ షీట్‌లో ఆ 5 దేనికీ పనికిరాదు. అది సరిచేస్తే మిగతా అర పాయింటు కలిపి నాలుగు చేస్తాను.