జీపీఎస్ లేకుండా వైఫైతో లొకేషన్: చెరువుల మీద వాడి చూశాక

ఆక్వా చెరువులకు జనరేటర్లు, ఏరియేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) ప్యానెళ్లు అద్దెకిచ్చే పనిలో ఏ సామాను ఏ చెరువు మీదుందో రోజూ తెలియాలి. రేకుల షెడ్డు కింద జీపీఎస్ మాడ్యూల్‌కు ఆకాశం కనబడదు. యాంటెన్నా బయటకు లాగితే ఉప్పుగాలికి కనెక్టర్ తుప్పు పడుతుంది. అందుకని ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్) బోర్డు, చిన్న 4జీ రౌటర్ కలిపి, చుట్టూ వినబడే వైఫైలను బట్టి లొకేషన్ లెక్కగట్టే పద్ధతే వాడుతున్నాం. భీమవరం, అమలాపురం, రావులపాలెం లాంటి ఊళ్లలో ఇది వీధి తప్పదు. లంకల్లో, చెరువుల నడుమ మాత్రం ఏ రౌటర్ ఎక్కడుందో రాసుకున్న సొంత పట్టిక లేకుండా దీన్ని నమ్మకూడదు.

బోర్డును ప్లాస్టిక్ పెట్టెలో, నేలకు ఆరడుగుల ఎత్తున బిగించాలి. ఇనుప పెట్టెలో పెడితే వైఫై కూడా అందదు. ఈఎస్‌పీ32 వినేది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. రౌటర్లు సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒక బీకన్ (తామున్నామని చెప్పే సంకేతం) పంపుతాయి కాబట్టి ఒక్కో ఛానెల్ మీద అంతకంటే తక్కువసేపు ఆగితే బలహీనమైనవి జారిపోతాయి. 300 మిల్లీసెకన్లు పెడితే 13 ఛానెళ్లకు నాలుగు సెకన్లు పడుతుంది, అది నష్టమేమీ కాదు. మూడుసార్లు స్కాన్ చేసి ప్రతి రౌటర్ సిగ్నల్‌కు మధ్య విలువ తీసుకోవాలి. ఒక్కో స్కాన్ అయ్యాక ఫలితాలు చెరిపి మెమరీ ఖాళీ చేయాలి.

వచ్చిన జాబితాను లొకేషన్ చెప్పే ఆన్‌లైన్ సేవకు యథాతథంగా పంపకండి, అసలు పని వడపోతలోనే ఉంది. మొట్టమొదట తీసేయాల్సింది మన 4జీ రౌటర్‌నే. అది సామానుతోపాటే ఊళ్లు తిరుగుతుంది, దాన్ని పంపితే పాత చోటే జవాబుగా రావచ్చు. తర్వాత మ్యాక్ అడ్రసులో (ప్రతి వైఫై పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) రెండో అంకె 2, 6, ఏ (A), ఈ (E) అయినవి తీసేయాలి. ఇవి తయారీదారు ఇచ్చినవి కాక పరికరం తనే పెట్టుకున్న అడ్రసులు, ఫోన్ హాట్‌స్పాట్‌లు చాలావరకు ఇందులోకే వస్తాయి. కోటిపల్లి రేవులో పంటు ఆగినప్పుడు స్కాన్ చేస్తే జాబితాలో సగం ఇవే. ఒకే రౌటర్ రెండు పేర్లతో ప్రసారం చేస్తే చాలాసార్లు అడ్రసులో చివరి అంకె మాత్రమే మారుతుంది. ఆ రెంటినీ ఒకటిగానే లెక్కించాలి.

మేం వాడే సేవ గూగుల్ జియోలొకేషన్ ఏపీఐ. దానికి కనీసం రెండు రౌటర్లు ఇవ్వాలి. బలమైనవి పది చాలు. 'కన్సిడర్ ఐపీ' అనే విలువను తప్పనిసరిగా ఫాల్స్ చేయండి. వదిలేస్తే అది ట్రూగానే ఉంటుంది, రౌటర్లు దొరకనప్పుడు నెట్ కనెక్షన్ ఐపీని బట్టి అంచనా వస్తుంది. మొబైల్ నెట్‌లో ఐపీ ఏ నగరం పేరున ఉందో ఆ నగరమే తెర మీదకొస్తుంది. ఫాల్స్ చేస్తే 'దొరకలేదు' అనే 404 జవాబు వస్తుంది, తప్పుడు చోటు కంటే అదే మేలు. జవాబులో అక్షాంశ రేఖాంశాలతోపాటు మీటర్లలో 'యాక్యురసీ' ఉంటుంది. 150 దాటితే పాత లొకేషన్ మార్చకుండా ఉంచేయడం మా పద్ధతి. ఇదే పని చేసిన మొజిల్లా లొకేషన్ సేవ 2024లో మూతపడింది, పాత కోడ్ దాన్నే పిలుస్తుంటే మార్చుకోండి.

చెరువుల దగ్గర సొంత పట్టికే దిక్కు. కాపలా షెడ్ల రౌటర్ల అడ్రసులు, వాటి అక్షాంశ రేఖాంశాలు రాసి బోర్డులోనే ఉంచితే నెట్ లేకపోయినా లెక్క తేలుతుంది. స్కాన్ బోర్డుతో, స్థానం ఫోన్ జీపీఎస్‌తో తీసుకోండి. స్కాన్ కూడా ఫోన్‌తో ఎందుకు వద్దంటే, ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ యాప్‌కు రెండు నిమిషాల్లో నాలుగు స్కాన్లకు మించి దొరకవు. లెక్క సులువే: సిగ్నల్ 20 డీబీ తగ్గితే బరువు పదో వంతు. మూడు రౌటర్లు −55, −65, −75 డీబీఎంలతో వినబడితే బరువులు 10, 3.2, 1. ఈ బరువులతో రౌటర్ల అక్షాంశ రేఖాంశాల సగటు తీయాలి. కూడిక కోడ్‌లో ఫ్లోట్ రకం సంఖ్యలతో కాక, ఎక్కువ అంకెలు పట్టే డబుల్‌లో చేయండి. 82 డిగ్రీల రేఖాంశం దగ్గర ఫ్లోట్ పట్టగల అతిచిన్న తేడాయే దాదాపు ఒక మీటరు, కూడుతూ పోతే తప్పు పెరుగుతుంది.

వానకు తడిసిన కొబ్బరాకులు సిగ్నల్‌ను బాగా మింగేస్తాయి, నీటి మీద మాత్రం దూరపు రౌటర్ కూడా దగ్గరదానిలా వినబడుతుంది. −85 కంటే బలహీనమైనవి వదిలేస్తే రెండో బెడద కొంత తగ్గుతుంది. చెరువులో సరుకు పట్టుబడి అయ్యాక షెడ్డు రౌటర్‌ను పీకి ఇంకో చెరువుకు పట్టుకుపోతారు, కాబట్టి ప్రతి పంటకూ పట్టిక సరిచూడాలి. కలిసి వినబడిన రౌటర్లలో ఒక్కదాని చోటు మాత్రం పట్టికలో మిగతావాటికి దూరంగా ఉంటే కోడ్ దాన్ని పక్కనపెట్టి, మిగతావాటితోనే సగటు తీసి, ఆ అడ్రసును అనుమానితంగా గుర్తుపెట్టేలా రాసుకోండి.