కర్నూలులో కూలినాలి జనం ఇల్లు: ఒంటరిగా ప్లాటా, పదిమందితో సొసైటీనా?

ఆసుపత్రి ఆయాలు, షాపు గుమస్తాలు, ఆటోడ్రైవర్లు పనిచేసేది టౌన్లో. అక్కడ సెంటు స్థలం వాళ్ల చేతికందదు. ఉన్నవి రెండు దారులు. ఊరవతల ఎవరికి వారు సెంటున్నర, అంటే 72.6 గజాలు కొనుక్కోవడం ఒకటి. కనీసం 10 కుటుంబాలు 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద సొసైటీ పెట్టి, కలిసి కొని కట్టుకోవడం రెండోది.

లోను ఒంటరిగా కొన్నవాళ్లకే సులువు, దస్తావేజు వాళ్ల పేరునే ఉంటుంది కాబట్టి.

అసలు తేడా పునాదిలో తేలుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. మామూలు రాతి పునాది వేస్తే గోడలు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా చీలతాయి. దీనికి మందు అండర్‌రీమ్డ్ పైళ్లు, అంటే నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు: సుమారు 3.5 మీటర్ల లోతు, అడుగున గుంత వ్యాసానికి 2.5 రెట్లు ఉల్లిగడ్డలా ఉబ్బిన భాగం, పైన వాటిని కలిపే గ్రేడ్ బీము (కాంక్రీటు దూలం). ఒక్క ఇంటికోసం ఈ గుంతలు తవ్వే యంత్రం తెప్పించడం తలకు మించిన ఖర్చు. పదిళ్లకు ఒకేసారి అయితే కిరాయి పంచుకోవచ్చు. బోరు, నేలకు పరిచే బేతంచెర్ల బండల లారీ కూడా అంతే. అందుకే రేగడిలో సొసైటీయే మేలు. గట్టి ఎర్రగరుసు నేల దొరికితే ఒంటరిగానూ కట్టుకోవచ్చు.

సొసైటీ చెడేది డబ్బు దగ్గరే. స్థలం ఒకరి పేరున రాయించొద్దు. ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టండి. బేస్‌మెంటు, శ్లాబు, ప్లాస్టరింగు వారీగా వసూలు చేయండి. వాయిదాలు ఆపినవాళ్ల వాటా ఎవరికి, ఎంతకు పోతుందో బైలాలో (సొసైటీ నియమావళిలో) ముందే రాయండి. ఏ ఇల్లు ఎవరిదో పునాది తవ్వకముందే చీటీ తీయాలి. ఆలస్యమైతే తూర్పు వాకిలి కోసమే తగువు.

ఏ దారైనా అడ్వాన్సుకు ముందు ఈసీ (స్థలంపై తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి, సర్వే నంబరు 22-ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో లేదని రూఢి చేసుకోండి.