కేబుల్ ప్యాక్‌లో ఎన్నికలు, వినోదం: కోనసీమ నుంచి ఒక సమీక్ష

కోనసీమలో మా ఊరికి వచ్చే కేబుల్ కనెక్షన్‌ను, అందులో తెలుగు ఛానళ్లు ఎన్నికలనూ వినోదాన్నీ అందిస్తున్న తీరును ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను. బొమ్మ నాణ్యత గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. గాలివానకు కొబ్బరిమట్ట పడి తీగ తెగితే తప్ప బొమ్మ బాగానే వస్తుంది, ఫోన్ చేస్తే మర్నాటికల్లా మనిషి వచ్చి అతుకు వేసి వెళతాడు. నా పట్టింపు అంతా అంకెల మీద. ఇప్పుడు టీవీ మనకు అమ్మే సరుకులో ఓట్లు, సీట్లు, శాతాలు, రేటింగులదే పెద్ద వాటా కాబట్టి, ప్రతి కార్యక్రమాన్నీ ఒకే ప్రశ్నతో తూచాను: ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పారా, లేదా?

ముందుగా బిల్లు సంగతి. 2019 ఫిబ్రవరి 1న టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం అమలులోకి వచ్చినప్పుడు లెక్క తేటగానే ఉండేది. మొదటి 100 ఛానళ్లకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు మించరాదు. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. ఆపైన మనం కోరుకున్న పే ఛానళ్ల ధర. తరువాత అదే రుసుముకు 200 ఛానళ్లు ఇవ్వాలన్నారు, 2024 జూలైలో ఆ 130 రూపాయల పరిమితినే ఎత్తివేశారు. ఈ మూడు దశల్లోనూ మా ఆపరేటరు పద్ధతి మాత్రం మారలేదు: చిల్లర లేని మొత్తం ఒకటి చెప్పడం, కార్డు మీద నెల పేరు ఎదురుగా పెన్నుతో టిక్కు పెట్టడం. ఇందులో రుసుమెంత, పన్నెంత, ఏ ఛానల్‌కు ఎంత అని వసూలుకు వచ్చిన కుర్రాణ్ణి అడిగితే, “ఆయ్, ఊరందరికీ అంతేనండి” అన్నాడు. నేను అడిగింది ఊరి సంగతి కాదు.

పోనీ, డబ్బు కట్టినంత మాత్రాన ఛానల్ వస్తుందన్న భరోసా ఉందా అంటే అదీ లేదు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ప్రసారాలను కేబుల్ సంస్థలు నిలిపివేశాయి. 2019లో ప్రభుత్వం మారిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఏబీఎన్, టీవీ5 వంతు వచ్చింది. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారగానే టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ, సాక్షి చాలా చోట్ల కనిపించకుండా పోయి, వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. వీటిలో కొన్నింటిని నేను రెండు నిమిషాలకు మించి చూడలేను. అయినా నాకు నచ్చని ఛానల్‌ను మార్చవలసింది నా చేతిలోని రిమోటే గాని, ఎక్కడో ఉన్న కంట్రోల్ రూము కాదు. రాజకీయ పార్టీలను ప్రసార రంగంలోకి అనుమతించరాదని ట్రాయ్ 2008లోనూ 2012లోనూ సిఫార్సు చేసింది. ఆ సిఫార్సులు కాగితం దాటలేదు. ఏ ఛానల్ ఎవరి వైపో మా రేవు దగ్గర చిన్నపిల్లలు సైతం చెప్పగల పరిస్థితిలో, ఫలితాలు వచ్చిన కొద్ది నెలల్లోనే ఛానల్ నంబర్లు కదలడం ఎవరికీ వింతగా తోచకపోవడమే నాకు వింతగా ఉంది.

వినోదంలో ఓట్ల పేరు చెప్పుకొని బతికే కార్యక్రమం బిగ్ బాస్. 2017లో జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలై, మరుసటి ఏడాది నాని చేతికి వెళ్లి, మూడో సీజన్ నుంచి నాగార్జున నిర్వహణలో నడుస్తున్న ఈ షో తయారీలో లోటు పట్టవలసింది తక్కువ. శని, ఆదివారాల్లో నాగార్జున ఒక్కొక్కరినీ నిలబెట్టి, మాట తూలకుండా అడిగే తీరు వార్తా ఛానళ్ల యాంకర్లు కూర్చుని నేర్చుకోదగినది. అయితే వారం వారం మన చేత యాప్‌లోనూ మిస్డ్ కాల్‌తోనూ ఓట్లు వేయించుకుని, ఎవరికి ఎన్ని వచ్చాయో మాత్రం చెప్పరు. ఎలిమినేషన్ జరుగుతుంది, కన్నీళ్లు వస్తాయి, లెక్క రాదు. 2023లో ఏడో సీజన్‌ను ‘రైతుబిడ్డ’ ముద్రతో పల్లవి ప్రశాంత్ గెలిచినప్పుడు డెల్టాలో మా బోటి వ్యవసాయ కుటుంబాలు సంబరపడ్డాయి. ఎన్ని ఓట్ల తేడాతో గెలిచాడని మాత్రం నాకు తెలిసినవారెవరూ అడగలేదు. ఆ ఖాళీని యూట్యూబ్‌లో ‘అనధికార ఓటింగ్’ పేరుతో శాతాలు దశాంశాలతో సహా వండేవారు భర్తీ చేస్తున్నారు. మనం నిందించే ఎన్నికల యంత్రాంగం దీనికంటే ఎంత మెరుగో గమనించండి: పోలింగ్ ముగియగానే ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు నమోదయ్యాయో 17సి ఫారంలో రాసి ఏజెంట్ల చేతికి ఇస్తారు, లెక్కింపు తరువాత బూత్ వారీ వివరాలన్నీ ఫారం 20లో ఎవరైనా చూసుకోవచ్చు.

ఈటీవీలో 2013లో మొదలైన జబర్దస్త్ ఓట్లు అడగదు. నవ్వుకు అంకె అక్కర్లేదు కనుక నా కొలమానానికి అందదు. కానీ ఎన్నికల ప్రస్తావన వచ్చినప్పుడు దాన్ని దాటి వెళ్లడం గోదావరి జిల్లాల వాడికి కష్టం. ఆ షో జడ్జి కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో రోజా వైసీపీ తరఫున నగరి నుంచి 2014లోనూ 2019లోనూ గెలిచి, 2022లో మంత్రి అయ్యాక షో వదిలి, 2024లో ఓడిపోయారు; నాగబాబు 2019లో మా పొరుగున ఉన్న నరసాపురం లోక్‌సభ స్థానంలో జనసేన తరఫున నిలబడి ఓడి, 2025లో ఎమ్మెల్సీ అయ్యారు. రెండు వేర్వేరు పార్టీల మనుషులు ఒకే స్కిట్‌కు కలిసి నవ్విన దృశ్యం ఆ రోజుల్లో వార్తా ఛానళ్లలో మచ్చుకైనా కనబడేది కాదు. నటులు రాజకీయాల్లోకి రావడం మనకు 1983 నుంచి అలవాటే. రాజకీయ నాయకులు టీవీ నటుల్లా మాట్లాడటం మాత్రం ఈ తరం డిబేట్ల పుణ్యం.

ఆ డిబేట్ల గురించి చెప్పవలసింది చాలా ఉన్నా, అన్నీ ఒక్కటే కనుక ఒక్కదాని వర్ణన చాలు. తెర మీద ఎనిమిది గళ్లు, మధ్య గడిలో యాంకర్, కింద రెండు వరుసల స్క్రోలింగ్, పక్కన నిలువుగా ఒక ప్రకటన. ముగ్గురు ఒకేసారి మాట్లాడుతుండగా నాలుగో ఆయన చెవిలో పెట్టుకున్నది ఊడిపోయి, వినపడటం లేదని చేతితో సైగ చేస్తూ పదిహేను నిమిషాలు తెర మీదే ఉండిపోతాడు. మా ప్రాంతం ఇందులోకి రావడానికి దారులు కొన్నే: సంక్రాంతికి భీమవరం కోడిపందాలు, వరదల్లో లంక గ్రామాలు, యానాంలో పులస వేలం, ఎన్నికలప్పుడు కులాల లెక్క. ఏ నియోజకవర్గంలో ఏ కులం ఓట్లు ఎన్ని వేలో విశ్లేషకులు పేపరు చూడకుండా చెప్పేస్తారు. ఆ సంఖ్యకు ఆధారమేమిటని యాంకర్ అడగడు. కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో సాగు మానేసి పంట విరామం ప్రకటించారు, 2022లో మళ్లీ అదే మాట వినబడింది. మురుగు కాలువల పూడిక, ధాన్యం సొమ్ము ఆలస్యం, కొబ్బరి ధర, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల చెరువుల మీద పడ్డ దెబ్బ, ఇవన్నీ ఓటుకు సంబంధించిన విషయాలే. వీటిని ఛానళ్లు చూపకపోలేదు. పగటిపూట రెండు నిమిషాల కథనంగా చూపి, రాత్రి 9 గంటల గళ్ల ఆటకు మాత్రం రానివ్వలేదు.

ఎగ్జిట్ పోల్స్ దగ్గర నా ప్రశ్నకు అతి తక్కువ మార్కులు వచ్చాయి. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ ప్రకారం చివరి దశ పోలింగ్ ముగిసిన అరగంట దాకా వీటిని చూపరాదు కనుక, మేము 2024 మే 13న ఓటు వేసి, జూన్ 1 సాయంత్రం 6.30 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు ఒక సంస్థ వైసీపీకి 94 నుంచి 104 స్థానాలంది, కేకే సర్వే తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 161 అంది, జాతీయ స్థాయి సంస్థల అంకెలు ఈ రెంటికీ నడుమ ఎక్కడో నిలిచాయి. ఏ ఛానల్‌కు ఏ అంకె నచ్చిందో అదే ఆ రాత్రంతా తిరిగింది. చివరికి కూటమికి 164, వైసీపీకి 11 వచ్చాయి. దగ్గరగా చెప్పినవారిని మరునాటి నుంచి మహర్షులను చేశారు, దూరంగా చెప్పినవారిని మళ్లీ పిలవడం తగ్గించారు. ఎంతమందిని అడిగారు, ఏ ఊళ్లలో అడిగారు, సమాధానం చెప్పనివారిని ఏ లెక్కలో వేశారు అన్న మూడు ప్రశ్నలు మాత్రం ఎవరినీ అడగలేదు. సరిపోయినంత మాత్రాన అంకెకు ఆధారం పుట్టదు.

ఇక ఓట్ల లెక్కింపు రోజు, జూన్ 4. తెలుగు వార్తా ఛానళ్లు ఏడాది పొడవునా చేసే పనిలో ఇదొక్కటే పూర్తి ధరకు తగినదని నా అభిప్రాయం. ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లు, అరగంట తరువాత ఈవీఎంలు. ఒక్కో రౌండులో మామూలుగా 14 టేబుళ్లు, అంటే 14 బూత్‌ల లెక్క. కౌంటింగ్ కేంద్రాల బయట నిలబడ్డ విలేకరులు చెమటలు కక్కుతూ, రౌండు నంబరు, అభ్యర్థి పేరు, ఆధిక్యం వరుసగా చదివి వినిపించారు. అందులో ఆర్భాటం లేదు, కావలసిన సమాచారం ఉంది. స్టూడియోలో మాత్రం ఆ సమాచారానికి సినిమా సంగీతం జోడించి, ఎవరు ముందు చెబుతారన్న పందెం నడిపారు. మా ఇంట్లో ఒకే నిమిషంలో రెండు ఛానళ్లు మార్చి చూస్తే, పక్క నియోజకవర్గంలో ఒకచోట ఒకరు, మరోచోట ఇంకొకరు ఆధిక్యంలో ఉన్నారు. ఫోన్‌లో ఎన్నికల సంఘం వెబ్‌సైటు తెరిస్తే అక్కడ ఇంకా ఆ రౌండే ఎక్కలేదు. ఆలస్యమైనా అది రౌండు నంబరుతో సహా చెబుతుంది. టీవీలో పెద్ద అక్షరాల పక్కన రౌండు నంబరు వేసిన ఛానల్ నాకు ఒక్కటే కనిపించింది, అదీ మధ్యాహ్నం దాటాక మానేసింది.

ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 34 స్థానాలూ కూటమికే పోవడంతో సాయంత్రానికి మా ప్రాంతం గురించి మాట్లాడవలసింది అయిపోయిందన్నట్లు కెమెరాలు అమరావతికి తిరిగాయి. అసలు చర్చకు తగిన అంకె అప్పుడే వచ్చింది. 2024లో వైసీపీకి వచ్చిన ఓట్లు 39.37 శాతం, సీట్లు 11. 2019లో తెలుగుదేశానికి వచ్చినవి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. పదిమందిలో నలుగురి మద్దతు ఉన్న పార్టీ రెండుసార్లూ శాసనసభలో మూలకు చేరింది. దీని మీద ఒక్క గంట నిదానంగా మాట్లాడి ఉంటే ఆ నెల చందా మొత్తం అక్కడే చెల్లుబాటయ్యేది. నేను చూసిన ఛానళ్లలో ఓట్ల శాతం రాత్రి పదింటి తరువాత ఒక చిన్న పట్టీగా వచ్చి పోయింది.

ప్రకటనల సంగతి క్లుప్తంగా. టీవీలో రాజకీయ ప్రకటన వేయాలంటే ముందుగా ఎన్నికల యంత్రాంగం నుంచి ధ్రువీకరణ తీసుకోవాలన్న నియమం మన జెమినీ టీవీ కేసులోనే, 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో వచ్చింది. పద్ధతి మంచిదే. సీరియల్ మధ్యలో వచ్చే ప్రకటనలో లబ్ధిదారుల సంఖ్య లక్షల్లో మెరిసినప్పుడు, దానికి అనుమతి ఉన్నదన్న విషయమూ ఆ సంఖ్య నిజమన్న విషయమూ వేర్వేరని గుర్తుంచుకుంటే చాలు. సీరియళ్లపై నా అభిప్రాయం అడగవద్దు. 2024 మార్చిలో కార్తీకదీపం రెండో భాగం మొదలైన నాటి నుంచి ఆ వేళకు రిమోట్ నా చేతిలో ఉండటం లేదు. పాడుతా తీయగా మాత్రం ఇప్పటికీ ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగినది, పాట ఎక్కడ జారిందో జడ్జీలు పాడి మరీ చూపిస్తారు కనుక.

మొత్తం మీద ఐదుకు రెండున్నర ఇస్తున్నాను: కౌంటింగ్ రోజుకు ఒకటి, పాటల కార్యక్రమాలకు ఒకటి, తెగిన తీగను మర్నాటికి అతికినందుకు అర. బిల్లుకు, డిబేట్లకు, ఎగ్జిట్ పోల్స్‌కు, బిగ్ బాస్ ఓట్లకు సున్న.

కొత్తగా కనెక్షన్ తీసుకోబోయేవారికి ఒక సూచన. తెలుగు వార్తా ఛానళ్లలో చాలావరకు ఉచిత ఛానళ్లే. పెద్ద వినోద ఛానళ్లకే విడిగా డబ్బు. అందుచేత ఆపరేటరు చెప్పే పెద్ద ప్యాక్‌కు ఒప్పుకోకుండా, ఇంట్లో నిజంగా చూసే రెండు మూడు పే ఛానళ్లు రాసిచ్చి, వాటి ధర విడివిడిగా వేసిన బిల్లు అడగండి. పంచాయతీ ఎన్నికల కోసమని వార్తా ఛానళ్ల ప్యాక్ ఏదైనా అంటగడితే అసలు తీసుకోవద్దు. ఆ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగినప్పుడు కూడా ‘మద్దతుదారులు’ అంటూ ఒక్కో ఛానల్ ఒక్కో పార్టీ లెక్క చూపింది. మన ఊరి సర్పంచి ఎవరయ్యారో ఆ రాత్రికి పంచాయతీ ఆఫీసు దగ్గరికి నడిచి వెళితే తెలిసిపోతుంది.