అబ్లేషన్ తర్వాత దడ మళ్లీ వస్తుందా? ఏ రక్తపరీక్షను నమ్మాలి?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి (గుండె పైగదులు లయ తప్పి అదరడం వల్ల వచ్చే దడ) అబ్లేషన్ (సన్నని గొట్టం గుండెదాకా పంపి, దడ పుట్టించే చోటును నిర్వీర్యం చేసే చికిత్స) చేయించుకోబోయేవాళ్లు అడిగే మొదటి మాట, "మళ్లీ రాదు కదా డాక్టరుగారూ?" రాదని ఎవరూ రాసివ్వలేరు. ఊపిరితిత్తుల సిరలు ఎడమ కర్ణికలో, అంటే గుండె ఎడమ పైగదిలో, కలిసేచోట పుట్టే తుంటరి సంకేతాలే ఈ దడకు మూలమని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపించారు. అప్పటినుంచి ఆ సిరల చుట్టూ కంచె కట్టడమే చికిత్సకు పునాది. కంచెలో సందు మిగిలినా దడ తిరిగొస్తుంది, కర్ణిక గోడే పాడై ఉన్నా తిరిగొస్తుంది. సందు సంగతి రక్తం చెప్పదు. గోడ సంగతి కొంత చెబుతుంది.

ఆ చెప్పేవాటిలో నా ఓటు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి. గుండె గోడ సాగినప్పుడు విడుదలయ్యే పదార్థం ఇది. అబ్లేషన్‌కు ముందే ఎక్కువగా ఉన్నవాళ్లలో దడ తిరగబెట్టడం ఎక్కువని పలు పరిశీలనల్లో కనిపించింది. చిక్కులూ ఉన్నాయి. వయసు పెరిగినా, కిడ్నీలు దెబ్బతిన్నా, రక్తం తీసే సమయానికి దడ నడుస్తున్నా అంకె పైకి పోతుంది. అసలు తిరకాసు లావుగా ఉన్నవాళ్లతో: వాళ్లలో ఇది తక్కువగా కనిపిస్తుంది. స్థూలకాయమేమో దడ తిరిగి రావడానికి పెద్ద కారణం. హెచ్చరించాల్సినవాళ్లకే తీపి కబురు చెప్పే పరీక్ష అన్నమాట! దీని తోబుట్టువు బీఎన్‌పీ కూడా పనికొస్తుంది గానీ, గుండె వైఫల్యానికిచ్చే సాక్యుబిట్రిల్ ఉన్న మాత్ర వాడేవాళ్లలో ఆ మందు వల్లే పెరుగుతుంది.

ఒంట్లో ఎక్కడైనా వాపు, మంట ఉంటే పెరిగే సీఆర్‌పీ చవక, దాదాపు ఏ ల్యాబులోనైనా చేస్తారు. కానీ జలుబు చేసినా, చిగుళ్లు వాచినా పెరిగేదాన్ని పట్టుకుని గుండె జాతకం చెప్పడం కష్టం. పైగా అబ్లేషన్ గాయమే దాన్ని కొన్నాళ్లు పెంచుతుంది. ఆ తొలి వారాల్లో వచ్చే దడను వైఫల్యంగా లెక్కించరు కూడా. ఆ గడువు ఇదివరకు 3 నెలలు, 2024 నిపుణుల పత్రంలో 8 వారాలకు తగ్గించారు.

గాలెక్టిన్-3 అనే ప్రోటీన్ పేరు గంభీరంగా ఉంటుంది. గోడలో మచ్చకట్టడాన్ని సూచిస్తుందన్నది ఆశ. లివర్‌లో, కిడ్నీలో మచ్చకట్టినా అదే పెరుగుతుంది, తిరగబెట్టడంపై ఫలితాలూ ఒక్కతీరుగా లేవు. నేనైతే దీనికి డబ్బు పెట్టను.

ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కూడా ఒంటరిగా తీర్పు చెప్పలేదు. ఎకోలో ఎడమ కర్ణిక ఎంత పెద్దదైందో, దడ వచ్చిపోతోందా తిష్ట వేసిందా అన్నవి దానికన్నా ముందు చూడాలి. రిపోర్టు బాగుంది కదా అని రక్తం పలచబడే మందు సొంతంగా ఆపకూడదు. ఆ లెక్క పక్షవాతం ముప్పును బట్టి నడుస్తుంది.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ ఉంది. అందులో థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని తేలితే, ముందు దాన్ని దారికి తెచ్చి ఆ తర్వాతే అబ్లేషన్ మాట ఎత్తుతారు.