ఇష్షికి హోటల్లో ఆడ మలుగు భోజనం

జపాన్‌లోని ఐచి ప్రాంతంలో, 2011లో నిషియో నగరంలో కలిసిన ఇష్షికి అనే తీరప్రాంతపు ఊళ్లో, పాములా పొడుగ్గా ఉండే మలుగు (ఈల్) చేప మాత్రమే వండి వడ్డించే ఒక చిన్న హోటలు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. నగోయా నుంచి మెయితెత్సు రైల్లో నిషియో దాకా వెళ్లి, అక్కడ బస్సు ఎక్కాలి. ఊరి చుట్టూ ఉన్న చెరువులకు పైన కప్పు వేసి, నీటిని వెచ్చగా ఉంచి మలుగులను పెంచుతారు. హోటలు పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క హోటలుది మాత్రమే కాదు.

నేను వెళ్లింది ఆడ మలుగు కోసం. కైకలూరు వైపు చేపల హేచరీలో పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ మాట మెనూలో ప్రత్యేకంగా ఎందుకు వేశారో నాకు తెలుసు. చెరువుల్లో పెంచిన జపాన్ మలుగుల్లో నూటికి తొంభైకి పైగా మగవే అవుతాయి. మలుగుకు పుట్టుకతోనే లింగం ఖరారై ఉండదు. సముద్రం నుంచి పట్టి తెచ్చిన అద్దంలా పారదర్శకంగా ఉండే పిల్ల కొన్ని నెలలు పెరిగాకే అది ఆడో మగో తేలుతుంది. కిక్కిరిసిన చెరువు, వెచ్చని నీరు, వేగంగా పెంచే మేపు అన్నీ కలిసి దాన్ని మగవైపే నెట్టేస్తాయి. మగ మలుగు ఒక పరిమాణం దాటాక తోలు, కండ గట్టిపడతాయి కాబట్టి రైతు దాన్ని రెండు వందల, రెండున్నర వందల గ్రాముల దగ్గరే అమ్మేస్తాడు. ఆడది అంతకు రెట్టింపు పెరిగినా మెత్తదనం పోదు. ఐచి ప్రభుత్వ మత్స్య పరిశోధకులు, లింగం ఇంకా తేలని పిల్ల దశలోనే మేతలో సోయా ఐసోఫ్లేవోన్ కలిపి పెడితే తొంభై శాతానికి పైగా ఆడవిగా మారతాయని చూపించారు. సోయా గింజలో సహజంగా ఉండే ఈ పదార్థం శరీరంలో ఈస్ట్రోజన్‌ను పోలిన పని చేస్తుంది.

కాల్చిన మలుగును అన్నం మీద పరిచి పెట్టెలో పెట్టి ఇస్తారు. పోల్చి చూద్దామని మామూలు మలుగు పెట్టె ఒకటి, ఆడ మలుగు పెట్టె ఒకటి తెప్పించుకున్నాను. మొదటిది నాలుగు వేల రెండు వందల యెన్లు, రెండోది ఐదు వేల ఆరు వందలు. చేప కోయడం నుంచి మొదలుపెడతారు కాబట్టి దాదాపు యాభై నిమిషాలు పట్టింది. ఆ ఆలస్యాన్ని నేను తప్పుపట్టను. తోక్యో వైపు చేపను ఒకసారి కాల్చి, ఆవిరి మీద ఉడికించి ఆ తర్వాత మళ్లీ కాలుస్తారు, దాంతో ఎంతటి గట్టి తోలైనా మెత్తబడుతుంది. ఈ హోటల్లో ఆవిరి పట్టకుండా నేరుగా బొగ్గుల మీదే కాలుస్తారు, అందువల్ల చేప అసలు గుణం దాగే అవకాశం లేదు.

మామూలు ముక్క అంగుళంలో మూడోవంతు మందం కూడా లేదు, అంచులు కరకరలాడుతూ రుచిగానే ఉంది. ఆడ మలుగు ముక్క దాదాపు రెట్టింపు మందం ఉంది. తినే పుల్లల మొనతో నొక్కితే పై పొర చిటుక్కున విరిగి, దాని కింద తోలుకూ కండకూ నడుమ ఉన్న సన్నని కొవ్వు పొర కరిగి అన్నం మీదికి జారింది. అంత పెద్ద చేపలో ముళ్లు నాలుకకు గుచ్చుకుంటాయని భయపడ్డాను కానీ, ఒక్కటి కూడా అడ్డు రాలేదు. తోలు నమిలే పని లేకుండా తెగింది, అదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. సన్షో అనే జపాన్ మిరియాల పొడి చల్లుకుంటే ఆ కొవ్వు వెగటు కొట్టదు. అయితే తోక వైపు ముక్క మాడింది, మధ్య ముక్కకు తగ్గ మంట తోకకు ఎక్కువైపోయింది. తీపి పులుసు కూడా రెండు పూతలు తగ్గిస్తే బాగుండేది. కాలేయం వేసిన పలచని సూపు మాత్రం నిండుగా తాగాను.

ఇక లోపం. మెనూలో "ఆడ మలుగు, మెత్తన" అని మాత్రమే ఉంది, అది ఎలా ఆడదయ్యిందో ఒక్క ముక్క కూడా లేదు. అడిగితే, వడ్డించే పెద్దావిడ ఎంతో మర్యాదగా "సోయా మేపు" అని చెప్పి ఊరుకున్నారు. పక్క బల్ల మీది దంపతులు అది హార్మోను చేప అనుకుని వద్దన్నారు. ఆ భయానికి జవాబు ఉంది, దాన్ని రాసి పెట్టాల్సింది హోటలువారే. ఎస్ట్రడయోల్ అనే అసలు హార్మోనును పరిశోధన కేంద్రాల్లో తల్లి చేపలను తయారు చేయడానికి వాడతారు, అవి పళ్లెంలోకి వచ్చే చేపలు కావు. మా హేచరీలో శీలావతికి సాయంత్రం ఒక ఇంజెక్షన్ ఇస్తే తెల్లవారేసరికి గుడ్లు పెట్టేది. మలుగుతో గుడ్లు పెట్టించాలంటే తల్లికి సాల్మన్ చేప పిట్యూటరీ గ్రంథి సారాన్ని వారం వారం, నెలల తరబడి ఎక్కించాలి, మగదానికి హెచ్‌సీజీ అనే హార్మోను అలాగే ఎక్కించాలి. 1973లో హొక్కైదో విశ్వవిద్యాలయంలో మొదటిసారి గుడ్లు పొదిగిన తర్వాత, ల్యాబులో పుట్టిన మలుగులకే మళ్లీ పిల్లలు పుట్టించడానికి 2010 దాకా పట్టింది. ఇప్పటికీ చెరువుల్లో పెంచే పిల్లలు దాదాపు అన్నీ సముద్రం నుంచి పట్టినవే, ఆ జాతిని 2014లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. పట్టిన ఒక్క పిల్ల నుంచి రెట్టింపు తిండి రావడమే ఈ ఆడ మలుగులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి, పద్నాలుగు వందల యెన్లు అదనంగా ఇచ్చినందుకు నేను బాధపడలేదు.

మళ్లీ తప్పకుండా వెళతాను. జూలైలో మలుగు తినే పండుగ రోజున మాత్రం వెళ్లకండి, వరుస బస్టాపు దాకా ఉంటుందని ఆ పెద్దావిడే చెప్పారు. వారం మధ్యలో పదకొండున్నరకు చేరుకుని, మధ్య ముక్క కావాలని ముందే అడగండి.