పెళ్లి ఫోటోలకు ఏది మేలు: ఫుల్ ఫ్రేమ్ బాడీనా, మంచి లెన్సూ లైటూనా?

మా మేనల్లుడు పెళ్లిళ్లు తీయడమే పనిగా పెట్టుకుంటానని మొన్న సంక్రాంతికి ఇంట్లో చెప్పేశాడు. చేతిలో రెండు లక్షలున్నాయి. "మావయ్యా, ముందు ఫుల్ ఫ్రేమ్ బాడీ కొనేస్తాను. దాంతో వచ్చే లెన్స్ సరిపోతుంది కదా, మిగతావి మెల్లగా చూసుకుందాం" అన్నాడు. వద్దురా అన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసి చూపించాల్సి వచ్చింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటున్నారు కాబట్టి ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

వాడి ముందున్న దారులు రెండు. ఒకటి, సోనీ ఏ7 3 లాంటి ఫుల్ ఫ్రేమ్ బాడీ, అంటే వెలుగును పట్టే సెన్సర్ పెద్దగా ఉన్న కెమెరా, దాంతో పాటు వచ్చే 28-70 కిట్ లెన్స్. డబ్బు దాదాపు అక్కడికే అయిపోతుంది. రెండోది, సోనీ ఏ6400 లాంటి క్రాప్ సెన్సర్ (అంతకంటే చిన్న సెన్సర్) బాడీ, దానికి సిగ్మా 18-50 ఎఫ్/2.8 జూమ్, ఒక ఫ్లాష్, ఒక వైర్‌లెస్ మైక్. బేరం బాగా కుదిరితే సిగ్మా 56 ఎఫ్/1.4 కూడా. బ్రాండ్ సోనీయే కానక్కర్లేదు. కెనాన్, నికాన్, ఫ్యూజీల్లోనూ ఇవే జతలు దొరుకుతాయి. ఒక్క కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌కే 2024 దాకా సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్సులు వచ్చేవి కావు. ఇప్పుడు క్రాప్ బాడీలకు ఆ ఇబ్బంది తీరింది.

ఇక లెక్క. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. సోనీ క్రాప్ సెన్సర్ సుమారు 23.5 పొడవు, 15.6 వెడల్పు, వైశాల్యం 367 దాకా. అంటే ఫుల్ ఫ్రేమ్ మీద పడే వెలుగు దాదాపు 2.35 రెట్లు. మనం స్టాపుల్లో (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) చెప్పుకుంటే ఒకటింపావు స్టాప్. ఇది నిజమైన లాభమే, తీసిపారేసేది కాదు. కానీ కిట్ లెన్స్‌ను 70 దగ్గరికి జూమ్ చేయగానే అపర్చర్, అంటే వెలుగు వచ్చే లెన్స్ కన్నం, 5.6కి పడిపోతుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ కన్నం చిన్నదవుతుంది. సిగ్మా మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా 2.8 దగ్గరే ఉంటుంది. 5.6 నుంచి 2.8కి రెండు స్టాప్‌ల తేడా, అంటే నాలుగు రెట్ల వెలుగు. పెద్ద సెన్సర్ ఇచ్చిన 2.35 రెట్లను కిట్ లెన్స్ మింగేసి, ఇంకా అప్పు పెడుతుంది.

వెడల్పు చివర, అంటే 28 దగ్గర, మాత్రం ఫుల్ ఫ్రేమ్‌దే పైచేయి. అక్కడ కిట్ లెన్స్ 3.5 ఇస్తుంది కాబట్టి క్రాప్ మీద 2.8 కంటే అర స్టాప్ పైగా మేలు. స్టేజీ మీద ఇరవై మంది బంధువుల గ్రూప్ ఫోటో అలాంటిదే. కానీ అక్కడ ఎలాగూ లైట్లు ఉంటాయి, మనుషులు కదలకుండా నిలబడతారు. పెళ్లిలో మనల్ని ఏడిపించేది ఆ ఫోటో కాదు.

ఏడిపించేది జీలకర్ర బెల్లం. మన ముహూర్తాలు చాలావరకు రాత్రివే. తెల్లవారుజామున మూడింటికి మండపంలో అడ్డుతెర పట్టుకుని ఉంటారు. చుట్టూ మేనమామలు, పిల్లలు, ఫోన్లు ఎత్తిన చేతులు. ఇద్దరి చేతులూ ఒకరి తల మీదికి ఒకరివి వెళ్లి ఆగుతాయి, తెర దిగుతుంది, ఆ అమ్మాయి మొదటిసారి కళ్లెత్తి చూస్తుంది. ఆ చూపు అర సెకను ఉంటుంది. మీరు అప్పుడు 70 దగ్గర జూమ్‌లో ఉంటారు, 28 దగ్గర కాదు. షట్టర్ 1/125 (సెకనులో 125వ వంతు) పెట్టి 5.6 దగ్గర తీస్తే ఐఎస్‌ఓ 6400కి ఎగబాకిందనుకోండి. ఈ అంకె పెరిగేకొద్దీ ఫోటో గరుకుగా వస్తుంది. అదే వెలుగులో 2.8కి అది 1600. ఒక 50 ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) పెడితే 640 చాలు. పట్టుచీర జరీ గీత గీతగా కనపడటానికీ, మట్టి పూసినట్టు కనపడటానికీ తేడా ఇక్కడే వస్తుంది. ఆల్బమ్‌లో పన్నెండు అంగుళాల పేజీ మీద అది ఎవరికైనా తెలిసిపోతుంది.

ఫుల్ ఫ్రేమ్‌కే 2.8 జూమ్ పెడితే? అదే అన్నిటికంటే మేలు, అందులో వాదన లేదు. 2018లో టామ్రాన్ సోనీకి 28-75 ఎఫ్/2.8 తెచ్చాక అది మరీ అందని వస్తువు కాకుండా పోయింది. కానీ బాడీ, ఆ లెన్స్, ఫ్లాష్, కార్డులు అన్నీ కలిపితే రెండు లక్షలు దాటిపోతుంది. అప్పు చేసి కొని, సీజన్ అయ్యేదాకా వాయిదాలకు పరుగులు పెట్టిన కుర్రాళ్లను చూశాను. మూఢమో ఆషాఢమో వస్తే నెలకు ఒక్క పెళ్లి కూడా ఉండదు. వాయిదా మాత్రం ఆగదు.

మూడో దారి ఒకటుంది, నాకు మనసులో ఇష్టమైనది కూడా అదే: సెకండ్ హ్యాండ్ ఫుల్ ఫ్రేమ్. ఫోటోలకే అయితే 2014లో వచ్చిన నికాన్ డీ750, ఒక 50 ఎఫ్/1.8, ఒక 85 ఎఫ్/1.8 పెట్టుకుని నిశ్చింతగా పెళ్లి తీయొచ్చు. వీడియో కూడా అడిగితే అది సరిపోదు, స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు దాని ఫోకస్ నిదానంగా కదులుతుంది. కొనేముందు తెల్ల గోడను ఎఫ్/16 దగ్గర ఫోటో తీసి జూమ్ చేసి చూడండి, సెన్సర్ మీద మరకలుంటే నల్ల చుక్కలుగా బయటపడతాయి. లెన్స్‌లోకి ఫోన్ టార్చ్ వేసి అవతలి నుంచి చూడండి. కాకినాడ, విశాఖ వైపు ఉక్కపోతకు లెన్స్ లోపల ఫంగస్ పడుతుంది, సాలెపురుగు దారంలా సన్నగా పాకి ఉంటుంది. దారం కనపడిందంటే ధర ఎంత తగ్గించినా వద్దు. మీ లెన్సులనైనా సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలోనే పెట్టుకోండి. లెదర్ బ్యాగులో నెలల తరబడి వదిలేయకండి.

బాడీకి ఖర్చు పెట్టాల్సిన ఒకే ఒక్క కారణం చెప్పమంటే, రెండు కార్డ్ స్లాట్లు అంటాను. ఇది నాకు చాలా బాధతో తెలిసిన విషయం. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లిలో తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అన్నీ ఒకే కార్డులోకి తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌కి పెడితే ఖాళీగా కనిపించింది. రికవరీ చేయిస్తే కొన్ని వచ్చాయి, అప్పగింతలు రాలేదు. కూతురి చెయ్యి పాలల్లో ముంచి అత్తగారి చేతిలో పెడుతూ ఆ తండ్రి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఫోటో నేను తీశాను. అది ఎక్కడా లేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇప్పటికీ ఆ ఊరి మీదుగా వెళ్తే నాకు గుండె బరువెక్కుతుంది.

ఏ7 3లో రెండు స్లాట్లున్నాయి, డీ750లోనూ ఉన్నాయి. ఏ6400లో ఒక్కటే. అక్కడ మొదటి దారి రెండో దారిని నిజంగా ఓడిస్తుంది. క్రాప్‌లోనే కావాలంటే 2022లో వచ్చిన కెనాన్ ఆర్7లో రెండు స్లాట్లూ ఉన్నాయి, చేతి వణుకును సెన్సరే సర్దుకునే ఏర్పాటూ ఉంది. బడ్జెట్ అక్కడి దాకా సాగితే నా ఓటు దానికే. సాగకపోతే 256 జీబీ కార్డు ఒక్కటి కొనకుండా 64వి నాలుగు కొనండి. జీలకర్ర బెల్లం అయ్యాక ఒకటి తీసి జేబులో వేసుకోండి, తలంబ్రాల తర్వాత ఇంకొకటి. పోతే ఒక ఘట్టమే పోతుంది. వీడియో తీసేవాళ్లు కార్డు మీద వీ30 అని ఉందో లేదో చూడాలి, సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుందని దాని అర్థం. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 మెగాబైట్లు) 4కే వీడియో గంటకు 45 జీబీ తింటుంది, 64 జీబీ కార్డు గంటా ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా నిండుతుంది. పెళ్లి మధ్యలో కార్డు నిండిందన్న టెన్షన్ పడకుండా టైమ్ చూసుకుంటూ ఉండండి.

ఫ్లాష్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు అందరికంటే చివర కొనేది అదే. తాళి కట్టగానే అక్షింతలు పడతాయి కదా, 1/125 దగ్గర ఫ్లాష్ లేకుండా తీస్తే అవి పసుపు గీతలుగా వస్తాయి. ఫ్లాష్ వెలుగు ఆ షట్టర్ కంటే చాలా తక్కువసేపే వెలిగి ఆరిపోతుంది కాబట్టి ఒక్కో బియ్యపు గింజా గాల్లో విడివిడిగా నిలబడుతుంది. ఏ సెన్సర్ వల్లా ఇది రాదు. తల తిప్పుకునే ఫ్లాష్ కొని, వెలుగును పైకప్పుకు కొట్టి కిందికి రానివ్వండి. ముఖం మీద సూటిగా కొడితే నుదుటి చెమట, ముక్కుపుడక మెరుపు తప్ప ఇంకేమీ మిగలదు. ఒకటి గుర్తుంచుకోవాలి: ఫంక్షన్ హాల్ తెల్ల సీలింగ్ అయితే సరే, పైన ఎర్ర గుడ్డో పసుపు షామియానానో కట్టి ఉంటే ఆ రంగంతా పెళ్లికూతురి బుగ్గల మీదికి దిగుతుంది. ఎడిటింగ్‌లో ఎంత లాగినా పోదు. అలాంటి పందిట్లో ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి తీసి, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ పెట్టి, పక్కన స్టాండ్ మీద తెల్ల గొడుగులోకి కొట్టడమే దారి. గోడాక్స్ లాంటి ఫ్లాష్, ట్రిగ్గర్, స్టాండ్, గొడుగు కలిపినా ఒక మంచి లెన్స్ ధర కంటే తక్కువే అవుతుంది. లిథియం బ్యాటరీది కొంటే పెన్సిల్ సెల్స్ మార్చుకునే బాధ తప్పుతుంది.

వీడియోకి గింబల్ (మోటార్లతో వణుకు ఆపే చేతి పట్టు) మేలా, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) మేలా, ట్రైపాడ్ మేలా అని కూడా వాడు అడిగాడు. ముహూర్తం దగ్గర ఫ్లూయిడ్ హెడ్ (కుదుపు లేకుండా తిరిగే తల) ఉన్న ట్రైపాడ్. రెండు గంటలు కదలకుండా నిలబడగలిగేది అదొక్కటే. జనం ఒత్తిడిలో, ఎదురుకోలులో, బారాత్‌లో మోనోపాడ్. గింబల్ అందమైనదే కానీ పెళ్లి మొత్తం మీద అది నిజంగా పనికొచ్చేది ఓ గంటసేపు. డీజేఐ ఆర్ఎస్ 3 మినీ లాంటిది రెండు కిలోల దాకా మోస్తుంది, ఆ బరువంతా మన మణికట్టు మోయాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రోజుకింత అని అద్దెకు దొరుకుతుంది, పార్టీ సినిమాటిక్ అడిగినప్పుడే తెచ్చుకోండి. ఇంకో మాట. మన కరెంటు 50 హెర్ట్జ్, హాల్లో చౌక ఎల్ఈడీ లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే వీడియోలో నల్ల చారలు చాలావరకు పోతాయి. 1/60 పెట్టి కెమెరాను తిట్టుకునేవాళ్లు బోలెడు మంది.

మైక్ మాత్రం మొదటి నెలలోనే కొనాలి. పంతులుగారి కండువాకి చిన్న మైక్ తగిలిస్తే మంత్రం ప్రతి అక్షరం వినపడుతుంది. చిక్కు ఎక్కడంటే, ఆయన మెల్లగా సంకల్పం చెప్పే గొంతుకు లెవెల్ సరిచేసుకుంటాం, తాళి కట్టే క్షణానికి గట్టిమేళం ఒక్కసారిగా లేస్తుంది. డోలు, సన్నాయి కలిసి ఆ శబ్దం పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్ని బాగుచేయడం ఎవరివల్లా కాదు. రోడ్ వైర్‌లెస్ ప్రో, డీజేఐ మైక్ 2 లాంటివి మైక్‌లోపలే 32-బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేసుకుంటాయి, ఎక్కడ లేచినా తర్వాత తగ్గించుకోవచ్చు. అంత పెట్టలేకపోతే రోడ్ వైర్‌లెస్ గో 2లో ఉన్న సేఫ్టీ ఛానల్ వాడండి. అది అదే శబ్దాన్ని 20 డెసిబెల్స్ తగ్గించి పక్కన ఇంకో కాపీ దాచుతుంది.

కాగితం మీద ఇదంతా చూశాక వాడు కాసేపు మాట్లాడలేదు. ఫుల్ ఫ్రేమ్ మీద మనసు పడింది కదా. సరే, నీ చేత్తో తీసి చూడు అని పోయిన నెల ఒక పెళ్లికి రెండు జతలూ అద్దెకు తెచ్చాం. ఒక భుజాన ఫుల్ ఫ్రేమ్ కిట్ లెన్స్‌తో, ఇంకో భుజాన క్రాప్ 2.8తో, ఫ్లాష్‌తో. ముహూర్తం 2 గంటల 51 నిమిషాలకు. తెల్లారి మా ఇంటి వరండాలో కాఫీ తాగుతూ ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టుకున్నాడు. తెర దిగిన క్షణం ఒకదాంట్లో ఉంది, కానీ అమ్మాయి కళ్లు మసకబారాయి. రెండోదాంట్లో ఆమె కాటుక చివర చిన్న నీటిచుక్క కూడా ఉంది. వాడు దాన్నే చాలాసేపు జూమ్ చేసి చూశాడు. తర్వాత ఫోన్ తీసి షాపుకి ఫోన్ చేసి, ఆర్7 బాడీ ఒక్కటే ఎంతకిస్తారు, దానికి సిగ్మా 18-50 ఉందా అని అడిగాడు.