పూల్ గార తీయించేవాళ్ళు జాగ్రత్త: డబ్బా మీద పేరు లేకపోతే గేటు దగ్గరే ఆపేయండి

శంకర్‌పల్లి దగ్గర మా ఫామ్‌హౌస్ పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. బోరు నీళ్ళే దిక్కు. మూడు ఎండాకాలాలు గడిచేసరికి నీటి మట్టం వెంట నీలం టైల్స్ మీద, పళ్ళకి పట్టినట్టు, బెత్తెడు వెడల్పున తెల్ల గార కట్టింది. "ఒక్క రోజులో కొత్త పూల్" అనే ప్రకటన ఫోన్లో చూసి 14,000 రూపాయలు ముందే కట్టేశాను. మొదటి తప్పు అదే.

ఇద్దరు కుర్రాళ్ళు పేరూ ఊరూ లేని తెల్ల డబ్బాలతో దిగారు. ఏంటి బాబూ ఇది అంటే "కంపెనీ లిక్విడ్ సార్, ఏం కాదు" అన్నారు. మూత తీయగానే ముక్కు మండింది. బాత్రూం యాసిడ్ వాసన ఎవరికి తెలీదు? అప్పుడే ఆపాల్సింది. ఫోన్ మోగిందని లోపలికి వెళ్ళి వచ్చేసరికి గట్టు మీద పరిచిన తాండూరు బండలు బుసబుసా నురగలు కక్కుతున్నాయి.

గార అంటే కాల్షియం కార్బొనేట్. తాండూరు బండా సున్నపురాయే. యాసిడ్‌కి రెండూ ఒకటే. గార పోయింది, దాంతోపాటు బండల నునుపూ పోయింది. ఇప్పుడు ఎండితే చాలు, ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తాయి. టైల్స్ జాయింట్లలో సిమెంటు వేలితో గీరితే రాలుతోంది. స్టీలు నిచ్చెనకి తుప్పు మచ్చలు. ఇంకా భయం వేసిందేంటంటే, ఆ డబ్బాల పక్కనే మా క్లోరిన్ డబ్బా మూత తీసి ఉంది. ఆ రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు. వాళ్ళకి ఫోన్ చేస్తే "మీ బండలే నాసిరకం సార్" అన్నారు. తర్వాత ఫోనెత్తడం మానేశారు.

రెండు నెలలు తిరక్కుండా గార మళ్ళీ వచ్చింది. నీళ్ళ సంగతి ఎవరూ చూడలేదు మరి. పరీక్ష చేయిస్తే కాల్షియం కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగిన సున్నం లెక్క, లీటరుకి 700 మిల్లీగ్రాములు, నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్ 8.2 అని తేలింది. పూల్‌కి 200 నుంచి 400 మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.6 ఉంటే మంచిది. ఎండకి నీళ్ళు ఆవిరవుతాయి, సున్నం మిగిలిపోతుంది, మనం మళ్ళీ బోరు వేసి నింపుతాం. పైగా నేను వారం వారం బ్లీచింగ్ పౌడర్ గుమ్మరించేవాణ్ణి. దాన్ని తయారు చేసేదే సున్నంతో అని నాకు తట్టనే లేదు.

ఎవరినైనా పిలిచే ముందు గట్టు బండ ఓ మూల గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి. పొంగిందా, యాసిడ్ మాటే ఎత్తనివ్వద్దు. సగం పని అయ్యాకే డబ్బులు ఇవ్వండి.

నేనిప్పుడు పూల్లో సగం నీళ్ళు తోడించి, సంపులో పట్టిన వాన నీళ్ళు కలిపాను. వాడనప్పుడు పట్టా కప్పుతున్నాను. వారానికోసారి పీహెచ్ చూసి, నీటి మట్టం దగ్గర టైల్స్‌ని బ్రష్‌తో తోముతున్నాను. గార మళ్ళీ కట్టలేదు కానీ, పదకొండు బండలు మార్చక తప్పదన్నాడు మేస్త్రీ. ఈసారి గ్రానైట్ వేయిద్దామంటోంది మా ఆవిడ.